శనక్కాయకు మంచి చేసిన రేడియేషన్ మా బిడ్డకూ చేస్తుందా?

కావలికి తూర్పున, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఇసక నేలల ఊరి నుంచి వచ్చిందీ ఉత్తరం. పేరూ ఊరూ వెయ్యొద్దని కోరింది. రాసిన అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్లు, డిగ్రీ చదివింది. మేనత్త కొడుకునే చేసుకుంది, పెళ్లై నాలుగేళ్లు. బావ పని వెల్డింగ్ అతుకులకు ఎక్స్‌రే తీయడం. పైపులైన్లు, బాయిలర్లు కట్టేచోట రాత్రిళ్లు ఇరిడియం అనే రేడియోధార్మిక లోహం ఉన్న కెమెరా పెట్టి, అతుకు లోపల పగులుందేమో ఫిల్మ్ మీద చూస్తారు. రెండు నెలలకోసారి ఇంటికొస్తాడు. కిందటేడు ఈమెకు మూడో నెలలో గర్భం పోయింది. ఆనాటి నుంచి అత్తది ఒకటే మాట: "వాడు చేసే ఆ పాడు రేడియేషన్ పనే బిడ్డను తినేసింది."

ఈ సంక్రాంతికి ఇంకో చిక్కు వచ్చి పడింది. మామ ఏళ్ల తరబడి వేస్తున్న ట్యాగ్ 24 శనక్కాయ రేడియేషన్‌తో పుట్టిన రకమని బావ ఎక్కడో చదివి ఇంట్లో చెప్పాడు. అత్త ఆ రోజు నుంచి ఇంటి కాయలు ముట్టుకోవడం లేదు, చట్నీకి కూడా అంగట్లో పప్పు తెప్పిస్తోంది. మామ మాత్రం మర్నాడే విత్తనాల బస్తాలోంచి దోసెడు గింజలు తీసి గుడ్డలో మూటకట్టి, "నీ కెమెరా ముందర ఒక పూట పెట్టి తీసుకురారా, కొత్త రకం పుడుతుందేమో చూద్దాం" అని కొడుకు చేతిలో పెట్టాడు. ఆ రాత్రి బావ ఈమెను ఊరడించబోయి, "అంతా చెడే ఎందుకనుకుంటావు, శనక్కాయకు మంచి జరగలా? మనకు పుట్టేవాడు అందరికంటే తెలివైనవాడవుతాడేమో" అన్నాడట.

"బావ నవ్వుతూ అన్నాడు, నాకు నవ్వు రాలేదు. రేడియేషన్ వల్ల ఒంట్లో మంచి మార్పు కూడా వస్తుందా? వస్తే అత్త అనేది అబద్ధమా? రాకపోతే మా పొలంలో ఉన్నదేంది? బావని పని మానెయ్యమనాలా, ఇంకో బిడ్డ కోసం చూడాలా, ఈ కాయలు తినాలా వద్దా, ఏమీ తేలక రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అని రాసింది. ఉత్తరం చివర, సంతకానికి ముందు, మరో మూడు సంగతులు గబగబా చెప్పేసింది. పోయినసారి వచ్చినప్పుడు బావ ఛాతీకి పెట్టుకోవాల్సిన, తగిలిన రేడియేషన్ లెక్క చెప్పే బ్యాడ్జీ సూట్‌కేసులోనే కనిపించింది. అడిగితే "అది పెట్టుకుంటే లెక్క ఎక్కువొచ్చి పని ఆపేస్తారు" అన్నాడు. అత్తమామలదీ మేనరికమే. అత్త తొలికాన్పు బిడ్డ పుట్టిన నాలుగో నెలలో పోయింది, ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు.

అమ్మా, నాకు నీ వయసు కూతురుంది. ముప్ఫై ఏళ్లు ఒంగోల్లో పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పాను. నువ్వనే రాస్తాను, ఏమనుకోకు.

ముందు తేలిగ్గా తెగే ముడి విప్పుకుందాం. ఆ కాయలు తినొచ్చు. ట్యాగ్ 24 అంటే ట్రాంబే, అకోలా పేర్లు కలిపిన రకం, 1991లో విడుదలైంది. ముంబయి దగ్గర ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో ఎన్నో ఏళ్ల క్రితం స్పానిష్ ఇంప్రూవ్డ్ అనే పాత శనక్కాయ విత్తనానికి ఎక్స్‌రేలు పట్టించారు. దాన్నుంచి ఏరిన మొక్కల్ని ఒకదానితో ఒకటి సంకరం చేసుకుంటూ పోగా పోగా వచ్చిన సంతతిలోది ఈ రకం. పొట్టిగా, గుబురుగా ఉండి, తొందరగా కాపుకొస్తుంది. మీ మామ బస్తాలో ఉన్న గింజ ఏ కిరణాన్నీ చూసింది కాదు, చూసింది దాని పూర్వీకులు. ఆ పూర్వీకుల్లోనూ కిరణం నిలవ ఉండదు. గామా, ఎక్స్ కిరణాలు గింజలోంచి దూసుకుపోతాయి, పోయినదారిలో దెబ్బ తీస్తాయి, అంతటితో సరి. ఎండలో ఆరబోసిన గింజ రాత్రికి వెలుగునివ్వదు కదా, ఇదీ అంతే. మీ అత్త అంగట్లో కొంటున్న పప్పు కూడా ట్రాంబే రకాలదే అయినా ఆశ్చర్యం లేదు.

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న. రేడియేషన్ వల్ల జీవుల్లో మంచి మార్పు వస్తుందా అంటే, వస్తుంది. 1927లో అమెరికాలో ముల్లర్ అనే శాస్త్రవేత్త పళ్ల మీద ముసిరే చిన్న ఈగలకు ఎక్స్‌రేలు పట్టించి, వాటి సంతానంలో మ్యుటేషన్లు, అంటే జన్యువుల్లో వచ్చే మార్పులు, మామూలు కంటే ఎన్నో రెట్లు పెరుగుతాయని చూపించాడు. 1946లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. ముల్లర్ తర్వాత ఏడాదికే, 1928లో, స్టాడ్లర్ అనే ఆయన బార్లీ, మొక్కజొన్నల్లో అదే చూపించాడు. అప్పట్నుంచి ఈనాటి వరకు ప్రపంచం మొత్తమ్మీద ఇలా పుట్టిన పంట రకాలు మూడు వేలకు పైగా నమోదై ఉన్నాయి. మెక్సికో నుంచి వచ్చిన ఎర్రగింజ గోధుమను మనవాళ్లు చపాతీకి ఇష్టపడకపోతే, వ్యవసాయ శాస్త్రవేత్త స్వామినాథన్ గారి బృందం గామా కిరణాలతో దాన్నుంచి బంగారు రంగు షర్బతీ సోనోరాను తీసింది. తొమ్మిది నెలలు పొలం పట్టుకుని కూర్చునే ఆముదంలోంచి నాలుగు నెలల్లో చేతికొచ్చే అరుణ వచ్చింది. వరి కోసిన మాగాణుల్లో వేసుకునే ట్రాంబే పెసర బూడిద తెగులును తట్టుకుంటుంది. ఇవన్నీ నిజం. మీ బావ చదివింది అబద్ధం కాదు.

అయితే ఆ మంచి ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది ఆయన చదివినదాంట్లో ఉండి ఉండదు. నేను కళ్లారా చూసింది చెప్తాను. ఒక ఏడాది మా విద్యార్థుల కోసం గామా కిరణాలు పట్టించిన వరి విత్తనం తెప్పించాం. సగానికి సగం మొలకెత్తలేదు. మొలిచినవి పచ్చగానే ఉన్నాయి, కాస్త గిడసబారి, కొన్ని వెన్నుల్లో తాలు ఎక్కువ. పిల్లలు "ఇంతేనా సార్" అన్నారు. ఆ వెన్నుల్ని విడివిడిగా కోసి, గింజల్ని మళ్లీ ట్రేల్లో పోశాం. అసలు సంగతి ఆ రెండో తరంలో బయటపడింది. ఒక వెన్ను నుంచి వచ్చిన నలభై మొక్కల్లో ఏడెనిమిది అరటి దూటంత తెల్లగా మొలిచాయి. ఒక్క ఆకుపచ్చ చార లేదు. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నాయో! మా అటెండరు రోజూ వాటికి చేత్తో నీళ్లు చిలకరించేవాడు. గింజలో దాచిన తిండి ఉన్నన్నాళ్లు నిలబడ్డాయి. పన్నెండో రోజుకి ట్రే అంచు మీదికి దారాల్లా వాలిపోయాయి. ఆకులో పచ్చదనం తయారుచేసే చోటే దెబ్బ తగిలింది, ఎండను తిండిగా మార్చుకునే దారి వాటికి లేదు. ఇంకో ట్రేలో పొట్టివి, మెలితిరిగినవి, వెన్ను వెయ్యనివి. అన్నీ కలిపి రెండు వేల పైచిలుకు మొక్కలు చూశాం. పనికొచ్చేది మాకు ఒక్కటీ దొరకలేదు.

కిరణానికి మంచీ చెడ్డా తెలియవు. వెంకటగిరి చీర నేసేవాళ్లింట్లో మగ్గం మీద జాకార్డు అట్టలు చూసే ఉంటావు. అట్టలకు కొట్టిన బెజ్జాలను బట్టే అంచులో బుటా పడుతుంది. ఎవరో కళ్లు మూసుకుని ఆ అట్టల మీద మేకు దిగ్గొట్టారనుకో. నూటికి తొంభై సార్లు బుటా చెడుతుంది, లేదా ఎవరూ గమనించనంత చిన్న తేడా వస్తుంది. ఎప్పుడో ఒకసారి ఆ అడ్డదిడ్డపు బెజ్జంతో కొత్త పువ్వు పడి, చూసినవాళ్లు బాగుందంటారు. దాన్ని అట్టిపెట్టుకుని మిగతా అట్టలు పారేసేది నేతగాడు. ట్రాంబేలోనూ జరిగింది ఇదే. వేల మొక్కల మధ్య సీజన్ తర్వాత సీజన్ వంగి నడిచి, పీకి పారేసి, మిగిల్చి, సంకరం చేసి, మళ్లీ పీకి పారేసి, పదేళ్లకో పదిహేనేళ్లకో ఒక రకం తేల్చారు. శనక్కాయకు మంచి చేసింది ఆ ఏరిన చేతులు. పారేసిన లక్షల మొక్కల లెక్క ఎవరూ రాయరు, విడుదలైన రకం పేరు ఒక్కటే మనకు వినపడుతుంది. అందుకే రేడియేషన్ మంచిదేమో అనిపిస్తుంది.

దోసెడు గింజల మూట సంగతి ఇప్పుడు చెప్తాను. ఇందులో మాత్రం రెండు దారులు లేవు, ఆ మూట ఇంట్లోనే ఉండిపోవాలి. ఆ కెమెరాను లైసెన్సులో రాసిన పనికి తప్ప వాడటం నేరం. గింజకు పనికొచ్చే మోతాదు సుమారు 200 గ్రే (ఒంటికి పట్టిన రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం). అంత పట్టించాలంటే ఇరిడియాన్ని గంటల తరబడి బయటపెట్టి ఉంచాలి, ఆ గింజల్ని పెట్టడానికీ తియ్యడానికీ ఎవరో దగ్గరికెళ్లాలి. 1999లో పెరూ దేశంలో యనాంగో అనే చోట ఒక వెల్డర్ ఇలాంటి కెమెరాలోంచి జారిపడ్డ ఇరిడియం ముక్క ఏమిటో తెలియక ప్యాంటు జేబులో వేసుకున్నాడు. కొన్ని గంటలే. ఆ కాలు తీసెయ్యాల్సి వచ్చింది. మీ మామగారికి ఈ ఒక్క సంగతి చెప్తే చాలు, ఆయనే మూట విప్పి గింజలు బస్తాలో పోసేస్తాడు. ఆయనకు కొత్త రకం మీద అంత ఆసక్తి ఉండటం చూసి నాకు ముచ్చటేసింది. నెల్లూరులో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. కొత్తగా వచ్చిన ట్రాంబే శనక్కాయ రకాల్లో ఇసక నేలకు సరిపడేది చెప్పమని అడిగి, నాలుగు సాళ్లు వేసి చూసుకోమను. ఆ ఏరేపని రైతు కూడా చెయ్యొచ్చు, కిరణాలక్కర్లేదు.

ఇక బిడ్డ. మీ బావ ప్రేమతోనే అన్నాడు, అందుకు నేను తప్పు పట్టను. కానీ ఆ ఆశ పెట్టుకోవద్దని ఆయనకు గట్టిగా చెప్పు. మనుషుల్లో మేలు చేసిన మ్యుటేషన్లు లేకపోలేదు. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకోగలగడం అలాంటిదే, పశువుల్ని మేపుకుని బతికిన జనంలో వేల ఏళ్లలో అది వ్యాపించింది. వ్యాపించిందంటే, అది లేనివాళ్ల పిల్లలు అంతమంది బతకలేదని. పొలంలో మనిషి చేసే ఏరివేతను మనుషుల్లో కరువూ రోగమూ చేశాయి. మనింట్లో పుట్టే ఒక్క బిడ్డ విషయంలో ఆ లెక్క ఎవరు వేస్తారు? తెలివి అనేది వందల జన్యువులూ, తిండీ, పెంపకమూ కలిస్తే వచ్చేది. గుడ్డిగా దిగ్గొట్టిన మేకు దాన్ని బాగుచేసే అవకాశం లేనట్టే అనుకో. ముల్లర్ ఈ సంగతి అందరికంటే ముందు గ్రహించాడు. నోబెల్ వచ్చాక కూడా, అనవసరంగా మనుషుల మీద ఎక్స్‌రేలు పడనివ్వొద్దని బతికినంతకాలం చెప్తూనే ఉన్నాడు.

అంటే అత్త అన్నదే నిజమా? అదీ కాదమ్మా. ఇక్కడ కాస్త నిదానంగా చదువు.

గర్భం నిలిచిందని తెలిశాక కూడా నూటికి పది పదిహేను పోతాయి. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం, పిండం ఏర్పడేటప్పుడే క్రోమోజోముల లెక్క తప్పడం వల్ల. అది ఏ ఇంట్లోనైనా జరిగేదే, టీచరు ఇంట్లో, బ్యాంకు ఉద్యోగి ఇంట్లో, మా ఇంట్లో కూడా జరిగింది. నువ్వు చేసిన పని వల్లో తిన్న తిండి వల్లో కాదు. ఒక్కసారి పోయినంత మాత్రాన మళ్లీ పోతుందని కాదు. రెండోసారి కూడా పోతే అప్పుడు డాక్టర్లు కారణం కోసం లోతుగా వెతుకుతారు.

మరి తండ్రికి తగిలిన రేడియేషన్ సంగతి? హిరోషిమా, నాగసాకిల్లో బాంబు పడ్డాక 1948 నుంచి 1954 వరకు పుట్టిన 76 వేల పైచిలుకు పిల్లల్ని వైద్యులు పరీక్షించారు. గర్భం రాకముందు తల్లిదండ్రులకు తగిలిన రేడియేషన్‌కూ పిల్లల్లో పుట్టుక లోపాలకూ స్పష్టమైన సంబంధం కనపడలేదు. ఈగల్లో, ఎలుకల్లో పెద్ద మోతాదులకు కనపడింది కాబట్టి అసలేమీ ఉండదని ఎవరూ అనరు, జాగ్రత్త అవసరమే. మోతాదు ఎంతన్నదే ముఖ్యం. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి రేడియేషన్ పనివాళ్లకు పెట్టిన హద్దు, ఐదేళ్లలో 100 మిల్లీసీవర్ట్‌లు, అంటే సగటున ఏడాదికి 20 (గామా కిరణాలకైతే ఒక గ్రే అంటే సుమారు వెయ్యి మిల్లీసీవర్ట్‌లు). ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. గింజకు ఒక్క విడతలో పట్టించే మోతాదు, మీ బావకు ఏడాది మొత్తానికి ఒప్పుకున్న దానికి పదివేల రెట్లు. ఆ హద్దులో ఉన్నంతవరకు ఆయన పని వల్ల మీకు పుట్టే బిడ్డకు లోపం వస్తుందనడానికి ఆధారం లేదు. ఇంకోమాట, ఆయన ఒంటి నుంచి గానీ ఆయన చొక్కా నుంచి గానీ నీకు రేడియేషన్ అంటదు. ఆ ఇరిడియం మూసిన గొట్టంలో ఉండేది, దాని కిరణం తగిలిన మనిషి తానే కిరణాలు చిమ్మడు. మీ అత్త ఆయన బట్టలు విడిగా ఉతుకుతోందని రాశావు, అక్కర్లేదు. కడుపులో ఉన్న బిడ్డకు నేరుగా తగిలితే మాత్రం వేరే కథ. కాబట్టి గర్భంతో ఉన్నప్పుడు సైట్ చూద్దామని వెళ్లకు.

"ఆ హద్దులో ఉన్నంతవరకు" అన్నాను. నీ ఉత్తరంలో నన్ను కుదుటగా కూర్చోనివ్వనిది సూట్‌కేసులో బ్యాడ్జీ. ఆ ఒక్క వాక్యంతో నేను పైన చెప్పిన ధైర్యమంతా గాలిలో దీపమైంది. బ్యాడ్జీ రేడియేషన్‌ను ఆపదు, లెక్క రాస్తుంది. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబుకు పంపి చదువుతారు. అది పెట్టెలో ఉంటే ఆయనకు ఎంత తగిలిందో ఆయనకే తెలియదు, నీకూ నాకూ తెలియదు. కంపెనీ కాగితాల్లో మాత్రం సున్నా పడుతుంది. రేపు ఒంటికేదైనా వస్తే ఆ సున్నానే ఆయనకు ఎదురు సాక్ష్యం. పని ఆపేస్తారన్న భయం నాకు అర్థమవుతుంది, రాత్రి భత్యాల మీద ఇల్లు నడుస్తోందని కూడా రాశావు. కానీ లెక్క ఎక్కువొచ్చి పని ఆపుతున్నారంటే, ఆపాల్సిన అవసరం ఉంది కాబట్టే.

ఈ విషయంలో మీ ముందు నాలుగైదు దారులున్నాయి. ఆయన ఆ పనిలోనే ఉండి, రేపట్నుంచి బ్యాడ్జీ ఛాతీ మీదే పెట్టుకోవచ్చు. ఇప్పటిదాకా వచ్చిన డోసు లెక్క కంపెనీ రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరును అడిగితే చూపించి తీరాలి. ఆ కాగితం ఫోటో తీసి నీ దగ్గర కూడా పెట్టుకో. ఇరిడియాన్ని కెమెరా బయటికి నెట్టే కేబులు తిప్పేటప్పుడు ఎంత దూరంలో ఉంటాడో అడుగు. దూరం రెట్టింపైతే మోతాదు నాలుగో వంతుకు పడుతుంది, అది ఖర్చు లేని రక్షణ. ఈ దారిలో జీతం పోదు, కానీ పైవాళ్లతో ఒకసారి గట్టిగా మాట్లాడాల్సి రావచ్చు. బ్యాడ్జీ తీసెయ్యమని పైవాడే చెప్తున్నాడంటే మాత్రం అది చిన్న సంగతి కాదు. నియంత్రణ మండలికి రాయొచ్చు. రాస్తే ఆ సైటులో ఆయనకు పని ఉండకపోవచ్చు, అదీ తెలిసే రాయాలి. ఎక్కువే తగిలిందన్న అనుమానం గట్టిగా ఉంటే రక్తంలో క్రోమోజోములు చూసి మోతాదు అంచనా వేసే పరీక్ష ట్రాంబేలో చేస్తారు. పెద్ద మోతాదే అందులో తెలుస్తుంది, చిన్నది తెలియదు.

మరో దారి, అదే రంగంలో అల్ట్రాసోనిక్ పరీక్ష వైపు మారడం. అదీ అతుకుల్లో పగుళ్లు చూసేదే, శబ్ద తరంగాలతో. రేడియేషన్ ఊసే ఉండదు. కోర్సు చెయ్యాలి, సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, కొన్నాళ్లు రాబడి తగ్గుతుంది. ముప్ఫై రెండేళ్ల మనిషికి అది భారం కాదని నా అభిప్రాయం. అసలే మానేసి పొలం చూసుకోమనడం కూడా ఒక దారే, మీ అత్త కోరేది అదే. అయితే మూడెకరాల ఇసక నేల మీద నలుగురు బతకాలి, మీ ఆయనకు పొలం పని మీద మనసు లేదని నువ్వే రాశావు. బిడ్డ కోసం పని మాన్పించి, ఆ తర్వాత కూడా గర్భం నిలవకపోతే, అప్పుడు ఇంట్లో ఎవరు ఎవర్ని అంటారో ఒక్కసారి ఊహించుకో.

ఇప్పుడు నువ్వు సంతకానికి ముందు గబగబా రాసేసిన మిగతా రెండు సంగతులు. నీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నా కళ్లు అక్కడే ఆగాయి.

ఆ తెల్ల మొక్కలు మొదటి తరంలో ఎందుకు కనపడలేదో తెలుసా? ప్రతి జీవికీ అట్టల కట్టలు, అంటే జన్యువుల ప్రతులు, రెండు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకదాంట్లో బెజ్జం తప్పినా రెండోది పని నడిపిస్తుంది. వరి తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. దాంతో రెండో తరంలో ఆ తప్పు అట్టలు రెండూ ఒకే మొక్కలో కలుస్తాయి, అప్పుడు దాగినది బయటపడుతుంది. మనుషుల్లోనూ అంతే. మనలో ప్రతి ఒక్కరికీ ఇలాంటి దాగిన తప్పులు కొన్ని ఉంటాయి, ఏ కిరణమూ తగలకుండానే. పుట్టే ప్రతి బిడ్డా తల్లిదండ్రుల్లో లేని అరవై డెబ్భై కొత్త మార్పులతో పుడుతుంది, చాలావాటి వల్ల ఏమీ కాదు. బయటి సంబంధం చేసుకుంటే ఇద్దరిలోనూ ఒకే తప్పు ఉండే అవకాశం తక్కువ. మేనరికంలో ఒకే తాత తప్పు ఇటు నుంచీ అటు నుంచీ వచ్చి బిడ్డలో కలవొచ్చు. మామూలు దంపతులకు నూటికి ఇద్దరు ముగ్గురు పిల్లలు పెద్ద లోపంతో పుడితే, మేనరికంలో నాలుగు నుంచి ఆరు. నూటికి తొంభై నాలుగు మంది బాగానే పుడతారన్నది కూడా అదే లెక్క, దాన్నీ గుర్తుపెట్టుకో. కానీ మీ ఇంట్లో రెండు తరాలు వరసగా మేనరికం, పైగా ఒక పసిబిడ్డ పోయింది. బ్యాడ్జీ సరిగ్గా పెట్టుకున్న మీ బావ ఉద్యోగం కంటే డాక్టరుకు చెప్పాల్సిన పెద్ద సంగతి ఇదే.

అందుకని మళ్లీ గర్భం కోసం చూసేముందు ఇద్దరూ ఒకసారి జన్యు వైద్యుల్ని కలిస్తే మంచిది. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, కావలి నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారికి దిగుతారు. మద్రాసు మీకు ఇంకా దగ్గర, అక్కడా పెద్ద ఆసుపత్రుల్లో ఉన్నారు. తలసీమియా (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు) వంటివి దాగి ఉన్నాయేమో మామూలు రక్తపరీక్షతోనే చూస్తారు. ఇంటి చరిత్ర విని, అవసరమైతే ఇద్దరి జన్యువులూ చూసే పరీక్ష రాస్తారు. అది ఖరీదైనదే, ఫలితానికి వారాలు పడుతుంది, అన్నిటినీ పట్టుకుంటుందన్న హామీ లేదు. ఏదైనా బయటపడితే, గర్భం వచ్చిన తొలి నెలల్లోనే బిడ్డకు ఆ జబ్బుందో లేదో చూసుకునే వీలుంటుంది. అప్పుడు ఏం చెయ్యాలన్నది మళ్లీ బరువైన నిర్ణయమే, అది మీ ఇద్దరిదే. ఆ బరువు మోయలేం, దేవుడిమీద భారం వేసి చూస్తాం అనుకుని ముందుకెళ్లినా నేను తప్పనను. వేలమంది అలాగే వెళ్లారు, ఎక్కువమందికి మంచే జరిగింది. ఏ దారిలో వెళ్లినా ఫోలిక్ యాసిడ్ మాత్ర మాత్రం గర్భానికి రెండు మూడు నెలల ముందు నుంచే మొదలుపెట్టు, మీ ఊరి పీహెచ్‌సీలోనే ఇస్తారు.

ఒక్క జాగ్రత్త. నేను రాసిన ఈ మేనరికం సంగతి పట్టుకెళ్లి అత్త మొహాన కొట్టకు. "రేడియేషన్ కాదు, నువ్వు కుదిర్చిన సంబంధమే" అన్న మాట ఒకసారి నోట్లోంచి వచ్చిందంటే వెనక్కి రాదు. అన్న కూతుర్ని కోరి తెచ్చుకున్న మనిషి ఆవిడ. కొడుకు పనిని ఆడిపోసుకుంటున్నదంతా, ముప్ఫై ఏళ్లకు పైబడిన కాలం కింద తన ఒడిలో పోయిన బిడ్డకు ఇన్నాళ్లకు ఒక కారణం దొరికిందనేమో. ఆ రోజుల్లో ఆవిడకు ఎవరూ ఏ కారణమూ చెప్పి ఉండరు, ఆవిడనే ఏదో అని ఉంటారు కూడా.

డాక్టరు నిన్ను అడిగే మొదటి ప్రశ్నలన్నీ ఆ బిడ్డ గురించే ఉంటాయి, జవాబులు ఆవిడ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేవు. మీ నాన్నను తోడు రమ్మను, చెల్లెలి మనసు ఆయనకు తెలుసు. విత్తనం కాయలు వలిచే రోజుల్లో అత్త పక్కన చేట పెట్టుకుని కూర్చో. ఆడబిడ్డా మగబిడ్డా, ఏం పేరు పెట్టుకున్నారు అని మొదలుపెట్టు. పాలు బాగా తాగేదా, మెడ నిలిపిందా, ఫిట్స్ వచ్చాయా, ఒళ్లు పాలిపోయిందా, జ్వరమొచ్చి పోయిందా, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఒక్కరోజులో అన్నీ అడక్కు. చెప్పినంత విని, రాత్రికి ఒక కాగితం మీద రాసిపెట్టుకుని, ఆ కాగితం నిమ్స్‌కు తీసుకెళ్లు.